స్కూల్ బాండు: ఓటు అప్పు మొత్తానికే, తీర్చే లెక్కకి కాదు

టెక్సస్‌లో స్కూల్ బాండు ఎన్నిక (బడుల కోసం బాండ్లు అమ్మి అప్పు తెచ్చుకోవచ్చా అని ఓటర్లని అడిగే ఎన్నిక) వచ్చిందంటే బ్యాలెట్ మీద ఒక వాక్యం పెద్దక్షరాల్లో ఉంటుంది: ‘ఇది ఆస్తిపన్ను పెంపు’. 2019లో వచ్చిన చట్టం ప్రకారం ప్రతి స్కూల్ డిస్ట్రిక్టూ (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులు నడిపే సంస్థ) ఆ మాట వేసి తీరాలి. పన్ను రేటు ఒక్క సెంటు కూడా పెరగదని డిస్ట్రిక్టు లెక్క కట్టి చూపించినా సరే, ఆ వాక్యం మాత్రం తప్పదు.

ఈసారి ఎన్నికలకి ముందు మా ఏరియా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఎవరో శాంపిల్ బ్యాలెట్ ఫొటో పెట్టారు, ఆ వాక్యం కింద ఎర్రగీత గీసి మరీ. ఇక మొదలైంది. ‘ఇప్పటికే ఎస్క్రో (ఇంటి లోను వాయిదాతో కలిపి కట్టే పన్ను, ఇన్సూరెన్సు) పెరిగి నెలనెలా కట్టేది ఎక్కడికో పోయింది, మళ్లీ ఇదొకటా?’ అన్నవాళ్లు కొందరు. ‘పిల్లలు పోర్టబుల్స్‌లో (బయట పెట్టే తాత్కాలిక గదుల్లో) కూర్చుని చదువుకుంటుంటే మీకు పట్టదా?’ అన్నవాళ్లు కొందరు. స్టేడియం గురించి ఒకరు, టీచర్ల జీతాల గురించి ఒకరు. రాత్రి దాకా సాగిన ఆ చర్చ మొత్తం చదివాను. అప్పు ఎంత అన్నది అందరూ మాట్లాడారు. అది ఏ సంవత్సరానికి తీరుతుంది, వడ్డీతో కలిపి మొత్తం ఎంత కడతాం, ఏ ఏడు ఎంత కడతాం అని ఒక్కరూ అడగలేదు.

నాకు కొన్నాళ్లుగా గట్టిగా అనిపిస్తున్నది ఇదే. స్కూళ్ల కోసం చేసే అప్పులో మంచీ చెడూ తేలేది తీర్చే పట్టికలో. ఓటరు దాకా వచ్చేది మాత్రం అప్పు మొత్తం ఒక్కటే. ఆ పట్టిక మన కళ్ల ముందుకి రానంత కాలం మనం ‘అవును’ అన్నా ‘వద్దు’ అన్నా సగం తెలిసి అన్నట్టే.

పన్ను బిల్లులో రెండో సగం

టీచర్ల జీతాల మాట ముందు తేల్చేద్దాం, ఎందుకంటే ప్రతి ఎన్నికకీ అదే గొడవ. స్కూల్ డిస్ట్రిక్టు పన్ను రేటు రెండు ముక్కలుగా ఉంటుంది. జీతాలు, కరెంటు, డీజిల్ లాంటి రోజువారీ ఖర్చులన్నీ ఎం అండ్ ఓ (నిర్వహణ) రేటు నుంచి. ఐ అండ్ ఎస్ రేటు నుంచి వచ్చిన డబ్బు అప్పు తీర్చడానికే. బాండు డబ్బుతో జీతం ఇవ్వడానికి చట్టం ఒప్పుకోదు. కాబట్టి ‘స్టేడియం మానేసి జీతాలు పెంచొచ్చుగా’ అన్న మాట వినడానికి బాగుంటుంది, కానీ కుదరదు.

ఈ రెండు ముక్కలకీ ఇంకో తేడా ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. రాబిన్ హుడ్ అని అందరూ పిలిచే పద్ధతిలో, ఆస్తి విలువలు ఎక్కువున్న డిస్ట్రిక్టుల ఎం అండ్ ఓ డబ్బులో కొంత రాష్ట్రం తీసేసుకుంటుంది. ఐ అండ్ ఎస్ జోలికి మాత్రం రాదు. అక్కడ వసూలైన ప్రతి డాలరూ ఇక్కడే ఉంటుంది. ఇది తెలిసిన స్కూల్ బోర్డు (డిస్ట్రిక్టుని నడిపే, ఓటర్లు ఎన్నుకున్న సభ్యులు) ఏం చేస్తుంది? బాండులో పెట్టడానికి వీలున్న ప్రతిదీ బాండులోకి నెడుతుంది. బస్సులు, లాప్‌టాప్‌లు, ఆటస్థలంలో పచ్చిక, కెమెరాలు. వాళ్ల స్థానంలో నేనున్నా అదే చేస్తాను. చట్టం రాసిన తీరే వాళ్లని అప్పు వైపు తోస్తోంది.

అలాగని అప్పు వద్దనే వాదన నాది కాదు. ఫెడరల్ గవర్నమెంటు అకౌంటబిలిటీ ఆఫీసు 2020లో ఇచ్చిన రిపోర్టు ప్రకారం దేశంలో 41 శాతం డిస్ట్రిక్టుల్లో కనీసం సగం స్కూళ్లకి ఏసీ, హీటింగు వ్యవస్థలు మార్చడమో బాగుచేయడమో అవసరం. అంటే దాదాపు 36,000 స్కూళ్లు. ఆగస్టులో ఇక్కడ ఏసీ ఆగిపోయిన క్లాస్‌రూమ్‌లో పిల్లలు ఎలా ఉంటారో వేరే చెప్పక్కర్లేదు. మా అమ్మాయి మూడో తరగతి మొత్తం పోర్టబుల్‌లోనే చదివింది. వాన పడితే బాత్రూమ్‌కి వెళ్లాలన్నా మెయిన్ బిల్డింగు దాకా తడుస్తూ పరుగెత్తాలి. అందుకని ఆ ఏడాది దాని బ్యాగులో పుస్తకాల కింద ఎప్పుడూ ఒక జత సాక్సులు ఉండేవి. ఆ స్కూలుకి కొత్త వింగ్ బాండు డబ్బుతోనే వచ్చింది. రోజువారీ బడ్జెట్ నుంచి అంత డబ్బు ఏ డిస్ట్రిక్టూ తీయలేదు.

పైగా, 30 ఏళ్లు నిలిచే బడికి ఈ ఏడు ఇక్కడున్న కుటుంబాలే మొత్తం డబ్బు కట్టాలనడం న్యాయం కాదు. రేపు వచ్చేవాళ్లూ అందులో చదివిస్తారు కాబట్టి వాళ్లూ కొంత మోయాలి. అప్పు తీసుకోవడానికి అసలు కారణం ఇదే, ఇది సరైన కారణం.

ఒకే అప్పు, మూడు లెక్కలు

ఇప్పుడు అంకెలు. 10 కోట్ల డాలర్ల బాండు, 4 శాతం వడ్డీ అనుకుందాం. ఏటా సమాన వాయిదాలతో 20 ఏళ్లలో తీరిస్తే ఏడాదికి సుమారు 73.6 లక్షల డాలర్లు, మొత్తం 14.7 కోట్లు. అదే 30 ఏళ్లకి సాగదీస్తే ఏడాదికి 57.8 లక్షలే, కానీ మొత్తం 17.3 కోట్లు దాటుతుంది. ఇంటి లోను తీసుకున్న ప్రతివాళ్లకీ ఇది తెలిసిన లెక్కే. ఏది ఎంచుకున్నా తప్పు లేదు.

మూడోది వేరు. అసలూ వడ్డీ రెండూ ఇప్పుడేమీ కట్టకుండా చివర్లో ఒక్కసారిగా తీర్చే బాండ్లు ఉన్నాయి. క్యాపిటల్ అప్రిసియేషన్ బాండ్లు అంటారు. కట్టని వడ్డీ అసలులో కలుస్తూ పోతుంది, దాని మీద మళ్లీ వడ్డీ. అంత కాలం ఆగాలి కాబట్టి కొనేవాళ్లు రేటు కూడా ఎక్కువే అడుగుతారు. అదే 10 కోట్లకి 6 శాతం చక్రవడ్డీతో 30 ఏళ్లు వేసి చూడండి. 57 కోట్లు దాటుతుంది.

బ్యాలెట్ మీద ఈ మూడూ ఒకేలా కనిపిస్తాయి. ‘10 కోట్ల డాలర్ల బాండ్లు జారీ చేయడం, వాటిని తీర్చడానికి పన్ను విధించడం.’ అంతే. ‘ఇది ఆస్తిపన్ను పెంపు’ అన్న వాక్యం కూడా మూడింటికీ ఒకటే.

నా కోపం ఆ వాక్యం మీదే. దాన్ని రాసినవాళ్ల ఉద్దేశం ఓటరుకి నిజం చెప్పడమే అయివుండొచ్చు. కానీ పద్ధతిగా 20 ఏళ్లలో తీర్చే బోర్డుకీ, మన పిల్లల పిల్లల మీదకి తోసేసే బోర్డుకీ ఒకే ముద్ర వేస్తే పద్ధతిగా ఉన్న బోర్డుకి ఒరిగేదేమిటి? దాని ఫలితం ఇంకోటి కూడా ఉంది. ఆ ముద్రకి జవాబు చెప్పుకోవడానికి బోర్డులు ‘పన్ను రేటు పెంచం’ అన్న హామీని పట్టుకుంటాయి. పాంప్లెట్లన్నిటిలో మొదటి లైను అదే. ఆ హామీ నిలబెట్టుకోవడానికి దగ్గరి దారి వాయిదాలని వెనక్కి జరపడం.

‘రేటు పెంచం’ అన్న మాటకి పోవే కట్టిన ధర

ఇది ఊహ కాదు. కాలిఫోర్నియాలో శాన్‌డియేగో దగ్గరున్న పోవే యూనిఫైడ్ డిస్ట్రిక్టు చాలామంది తెలుగువాళ్లకి తెలిసిందే, మంచి స్కూళ్లని పేరు. 2002లో పాత బడులు బాగుచేయడానికి అక్కడ ఒక బాండుకి ఓటేశారు. డబ్బు చాలలేదు, పని సగంలో ఆగింది. 2008లో మళ్లీ జనం దగ్గరికి వెళ్లారు. రేటు పెంచం, ఇప్పుడున్నదే ఇంకొన్నేళ్లు సాగుతుందన్నారు. జనం సరేనన్నారు.

ఆ తర్వాత ఇళ్ల ధరలు కూలిపోయాయి. పన్ను వేసే విలువ అనుకున్నట్టు పెరగలేదు. అదే రేటుతో పాత అప్పు వాయిదాలు కడుతూ కొత్త అప్పు వాయిదాలు కూడా కట్టడం అసాధ్యమైంది. అప్పుడు బోర్డు ముందున్న దారులు ఏమిటి? జనం దగ్గరికి తిరిగి వెళ్లి రేటు పెంచాలని చెప్పడం, పని ఆపడం, లేదా కట్టడం వాయిదా వేయడం. 2011లో సుమారు 10.5 కోట్ల డాలర్లు మూడో దారిలో తెచ్చారు. 2033 వరకు ఒక్క డాలరు కట్టక్కర్లేదు. అప్పటి నుంచి 2051 దాకా కట్టేది మొత్తం దాదాపు 98 కోట్లు. తీసుకున్నదానికి తొమ్మిది రెట్లు. మధ్యలో వడ్డీ రేట్లు తగ్గితే తక్కువ వడ్డీకి మార్చుకుందామన్నా ముందుగా తీర్చే హక్కు ఆ బాండ్లకి లేదు.

2011లో అక్కడ ఒకటో తరగతిలో ఉన్న ఆరేళ్ల పిల్లవాడికి మొదటి వాయిదా మొదలయ్యేసరికి 28 ఏళ్లు వస్తాయి. చివరి వాయిదా నాటికి 46. వాడు ఆ ఊళ్లోనే ఇల్లు కొనుక్కుంటే, వాడి పిల్లలు చదివే నాటికి మళ్లీ మరమ్మతులకొచ్చే భవనానికి తను చదివిన నాటి బాకీ కడుతూ ఉంటాడు.

పోవే బోర్డులో దొంగలున్నారని నేననను. ఇచ్చిన మాట అక్షరాలా నిలబెట్టుకున్నారు. రేటు పెంచలేదు. ఓటర్లు ఏది అడిగారో అదే ఇచ్చారు. నాకు ఇందులో అన్నిటికన్నా భయం కలిగించేది అదే. జనం రేటు గురించి మాత్రమే అడిగితే బోర్డు రేటుని మాత్రమే కాపాడుతుంది.

దీన్ని ముందుగా రాసినవాళ్లలో మిషిగన్‌కి చెందిన ఒక మాజీ విలేఖరి ఉన్నారు, తన సొంత బ్లాగులో. ఆయన రాష్ట్రంలో ఇలాంటి బాండ్లని 1994లోనే నిషేధించారు. 2012లో శాన్‌డియేగో విలేఖరులు లోతుగా తవ్వాక దేశమంతా తెలిసింది. 2013లో కాలిఫోర్నియా చట్టం తెచ్చింది: ఇలాంటి బాండు 25 ఏళ్లు దాటకూడదు, కట్టే మొత్తం తీసుకున్నదానికి నాలుగు రెట్లు మించకూడదు, పదేళ్లు దాటిన బాండ్లకి ముందుగా తీర్చే హక్కు ఉండాలి. టెక్సస్ 2015లో వీటి గడువుని 20 ఏళ్లకి కుదించింది. అంతకుముందు మన దగ్గరా వేగంగా పెరిగే డిస్ట్రిక్టులు కొన్ని వీటిని బాగానే వాడాయి. మన చట్టంలో 100 డాలర్ల ఆస్తి విలువకి 50 సెంట్ల పరీక్ష ఒకటుంది. ఆ రేటులోపే పాత అప్పూ కొత్త అప్పూ తీర్చగలమని చూపిస్తే గానీ కొత్త బాండు అమ్మకూడదు. ఆ గీతకి దగ్గరగా వచ్చినవాళ్లకి వాయిదా వేయడం తేలికైన దారిలా కనిపించింది.

చికాగోది ఇంకో రకం. 2003 నుంచి 2007 మధ్య అక్కడి స్కూళ్లు 100 కోట్ల డాలర్లు, వేలంలో వడ్డీ మారుతూ ఉండే బాండ్ల ద్వారా, దానికి తోడు బ్యాంకులతో స్వాప్ (వడ్డీ మార్పిడి) ఒప్పందాలు చేసుకుని తెచ్చాయి. మామూలు స్థిర వడ్డీ కన్నా చవకని నమ్మారు. 2008లో ఆ వేలం మార్కెట్టే ఆగిపోయింది. మామూలు బాండ్లతో పోలిస్తే సుమారు 10 కోట్లు ఎక్కువ పడుతుందని 2014లో అక్కడి పెద్ద పత్రిక లెక్క తేల్చింది. ఓటరు సంగతి వదిలేయండి, చేయెత్తిన బోర్డు సభ్యుల్లో ఎందరికి ఆ ఒప్పందం అర్థమైందో!

హాలు ఖాళీ అయ్యాక

అప్పు తీర్చే లెక్క నిజంగా ఎప్పుడు ఖాయమవుతుందో ఒక రాత్రి బోర్డు మీటింగ్‌లో కూర్చున్నప్పుడు నాకు అర్థమైంది. ఆ రోజు హాలు కిక్కిరిసిపోయింది. కారణం బౌండరీల మార్పు. ఏ వీధి ఏ హైస్కూలుకి వెళ్తుందన్నది ఆ రాత్రి తేలాలి. మనవాళ్లు కుటుంబాలతో వచ్చారు, కొందరు గోడలకి ఆనుకుని నిలబడ్డారు. ఒకావిడ చంకలో పసిపిల్లని పెట్టుకునే మైకు దగ్గరికి వెళ్లి, తడబడకుండా మాట్లాడింది. ఎవరి ఇంటి విలువ, ఎవరి పిల్లల స్నేహాలు, అందరి టెన్షన్ న్యాయమైనదే.

బౌండరీల మీద ఓటు పడగానే హాలు ఖాళీ అయింది. పార్కింగ్ లాట్‌లో కార్లు బయల్దేరే చప్పుడు లోపలికి వినిపిస్తుండగా తర్వాతి అంశం చదివారు: ఫలానా ఏడు ఓటర్లు ఆమోదించిన బాండ్లలో ఒక సిరీస్ అమ్మడానికి అధికారం. ఫైనాన్షియల్ అడ్వైజర్ నాలుగు స్లైడ్లు వేశాడు. ఎంత గడువు లోపు, ఎంత వడ్డీ మించకుండా అనే హద్దులు ఒక స్లైడులో ఉన్నాయి. ఆ హద్దుల్లో ఎప్పుడు, ఎలా అమ్మాలన్నది సూపరింటెండెంటుకి అప్పగించారు. ఒక బోర్డు సభ్యురాలు రేటింగ్ గురించి ఏదో అడిగింది, జవాబు వచ్చింది. ఏకగ్రీవం. నా పక్క కుర్చీలో ఎవరో మర్చిపోయిన స్వెట్టర్ ఉంది, నా వరసలో మనిషి లేడు.

కోట్ల కొద్దీ డాలర్లకి ఓటర్లు ఒకసారి అవునంటారు. డిస్ట్రిక్టు వాటిని ముక్కలు ముక్కలుగా, అవసరాన్ని బట్టి ఏళ్ల తరబడి అమ్ముకుంటూ వెళ్తుంది. ప్రతి ముక్కకీ గడువు, వాయిదాలు, ముందుగా తీర్చే హక్కు ఇలాంటి రాత్రుల్లోనే తేలతాయి. వందల మంది కూర్చున్నది బౌండరీ కోసం. అంతకన్నా ఎక్కువ కాలం మన వెంట వచ్చేది ఆ ఖాళీ హాల్లో అయిపోయింది.

ఇక్కడ మనవాళ్లకి ప్రత్యేకమైన బాధ ఒకటుంది. హెచ్-1 వర్క్ వీసా మీద ఉండి ఇల్లు కొనుక్కున్న కుటుంబాలు ప్రతి సబ్‌డివిజన్‌లోనూ ఉన్నాయి. గ్రీన్ కార్డు వరసలో ఏళ్లు గడుస్తున్నాయి. ప్రతి జనవరికీ పూర్తి పన్ను కడతారు, అప్పు వాయిదాతో సహా. ఓటు లేదు. అద్దెకున్నవాళ్లు కూడా అద్దెలో ఇదే కడుతున్నారు, బిల్లు కనపడదంతే. కానీ బోర్డు మీటింగ్‌లో మాట్లాడటానికి పౌరసత్వం అక్కర్లేదు. ఎన్నికల రోజున మాట చెల్లనివాళ్లకి మాట చెల్లే చోటు ఆ ఖాళీ హాలే.

నన్ను ఆలోచనలో పడేసిన మాటలు

గ్రూపులో అందరికన్నా గట్టిగా వ్యతిరేకించిన పెద్దాయన ఒకరున్నారు. ఆయనకి 65 దాటాయి. ఇక్కడ ఆ వయసు దాటినవాళ్లకి సొంతింటి స్కూల్ పన్ను మీద పైహద్దు పడిపోతుంది. ఇంటికి కొత్త గదులు కట్టుకుంటే తప్ప పెరగదు. బ్యాలెట్ మీద పెద్దక్షరాల్లో ఉన్న ఆ వాక్యం ఆయన విషయంలో నిజం కాదు. ఒక సాయంత్రం వాకింగ్‌లో కలిస్తే ఆ మాటే అన్నాను.

‘అంకుల్, మీ పన్ను పెరగదు కదా, మీకెందుకంత పట్టుదల?’

‘నాకు తెలుసు బాబూ. నా గురించి కాదు. మావాడు మొన్ననే రెండు వీధుల అవతల ఇల్లు కొన్నాడు. నేను కట్టనిదంతా వాడు కట్టాలి కదా’ అన్నారు.

అదే ఆయన్ని వద్దనేలా చేసింది. నా చేత అయితే ఇంకో రకం ప్రశ్న అడిగించింది. ఆయన పన్నులో పెరగని భాగం ఎవరో ఒకరి పన్నులో పెరుగుతుంది, అందులో అనుమానం లేదు. అప్పు ఎంత ఆలస్యంగా తీరిస్తే అంత ఎక్కువ భాగం ఇప్పుడు ఓటు లేనివాళ్ల మీద, ఇంకా ఈ ఊరు రానివాళ్ల మీద పడుతుంది.

ఎదురువాదనల్లో బలమైనది ఎదుగుదల గురించి. మా డిస్ట్రిక్టులో పనిచేసే ఒకాయన నాతో అన్నారు: ‘ఇప్పుడున్న ఇళ్ల మీదే మొత్తం వేస్తే మీరే ఒప్పుకోరు. పదేళ్లలో ఇంకా వేల ఇళ్లు వస్తాయి, వాయిదాలు వాళ్లు వచ్చేసరికి పెరిగేలా పెడితే తప్పేంటి?’ తప్పు లేదు. ఆ బడులు కడుతున్నదే వాళ్ల కోసం కూడా. కానీ ఎదుగుదల ఎల్లకాలం ఉండదని మన పక్క ఊళ్లే చెబుతున్నాయి. ఒకప్పుడు ఏటా కొత్త బడులు కట్టిన ప్లేనో డిస్ట్రిక్టు 2024లో నాలుగు స్కూళ్లు మూసేయాలని ఓటేసింది. పిల్లలు తగ్గారు. ఇళ్ల ధరలు పెరిగి చిన్నపిల్లలున్న కుటుంబాలు ఇంకా ఉత్తరానికి వెళ్లిపోతున్నాయి. బాండు అప్పు ఏ ఒక్క బడి పేరునా ఉండదు, డిస్ట్రిక్టు మొత్తం పేరున ఉంటుంది. భవనం మూతపడినా వాయిదా నడుస్తూనే ఉంటుంది. రేపు వచ్చేవాళ్లని నమ్ముకుని వాయిదాలు పెంచుతూ పోయిన డిస్ట్రిక్టుకి, వాళ్లు రాకపోతే కట్టేది ఉన్నవాళ్లే.

ఇంకో మాట కూడా విన్నాను. టెక్సస్ స్కూల్ బాండ్లకి పర్మనెంట్ స్కూల్ ఫండ్ పూచీ ఉంటుంది కదా, భయమెందుకని. 1854లో 20 లక్షల డాలర్లతో మొదలైన ఆ నిధి 1983 నుంచి బాండ్లకి హామీగా నిలబడుతోంది. దానివల్లే చిన్న డిస్ట్రిక్టులకి కూడా ట్రిపుల్ ఏ (అన్నిటికన్నా పై) రేటింగ్ వస్తుంది, వడ్డీ తగ్గుతుంది. చాలా గొప్ప ఏర్పాటు, ఇంత బలమైనది మిగతా రాష్ట్రాలకి అరుదు. కానీ ఆ పూచీ అప్పిచ్చినవాళ్లకి. డిస్ట్రిక్టు కట్టలేకపోతే నిధి వాళ్లకి కట్టి, డిస్ట్రిక్టుకి రావలసిన రాష్ట్ర నిధుల్లోంచి ఆ డబ్బు పట్టుకుంటుంది. పన్ను కట్టేవాళ్లకి అందులో రక్షణ ఏమీ లేదు. పైగా చవకగా దొరికే అప్పు ఎక్కువ చేయాలనిపిస్తుంది.

నన్ను నిజంగా తడబడేలా చేసిన ప్రశ్న మా ఆవిడది. ‘నువ్వు చెప్పినట్టు వడ్డీతో కలిపి మొత్తం బ్యాలెట్ మీద వేస్తే, 17 కోట్లు అని చూసి భయపడి జనం వద్దంటారు. అప్పుడు పోర్టబుల్స్‌లో ఉండేది పిల్లలే కదా?’ దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఇల్లు కొన్న ప్రతివాళ్లూ క్లోజింగ్ రోజున ముప్పై ఏళ్లలో కట్టే మొత్తం ఎంతో రాసిన కాగితం మీద సంతకం పెట్టారు, ఇల్లు మాత్రం మానలేదు అని అన్నాను. ‘ఆ ఇల్లు మనది, బడి పక్కవాళ్లది అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు’ అంది. నిజమే. అయినా నిజం దాచితే గానీ గెలవని బాండు గెలవడం నాకిష్టం లేదు. దాచి గెలిచిన దాని ఫలితం పోవేలో చూశాం. అక్కడ బాండు పేరెత్తాలంటేనే ఇబ్బందిగా మారింది.

అడగాల్సిన రెండు పంక్తులు

2019లోనే ఇంకో మంచి చట్టం కూడా వచ్చింది, దాని గురించి ఎవరూ చెప్పరు. ప్రతి బాండు ఎన్నికకీ డిస్ట్రిక్టు ఓటరు సమాచార పత్రం ఒకటి పెట్టాలి. కొత్త అప్పు అసలు ఎంత, అంచనా వడ్డీ ఎంత, పాత అప్పు ఇంకా ఎంత ఉంది, దాని మీద కట్టాల్సిన వడ్డీ ఎంత అన్నీ అందులో ఉంటాయి. మా డిస్ట్రిక్టు వెబ్‌సైట్‌లో అది దొరకడానికి నాకు చాలాసేపే పట్టింది. అందులో పన్ను పెంపు లెక్క 1,00,000 డాలర్ల విలువున్న ఇంటికి చూపిస్తారు, చట్టం అలాగే అడుగుతుంది. అలాంటి ఇల్లు మా చుట్టుపక్కల ఒక్కటి చూపించండి.

వడ్డీ అంకె అక్కడ ఉన్నా అది అంచనా మాత్రమే, డిస్ట్రిక్టుని కట్టిపడేయదు. ఎన్నిక అయ్యాక బోర్డు వేరే గడువుతో అమ్మినా అడిగే దిక్కు లేదు. నాకు కావాల్సింది పెద్ద సంస్కరణ కాదు. బ్యాలెట్ మీద ఆ పెద్దక్షరాల వాక్యం స్థానంలో రెండు పంక్తులు: చివరి వాయిదా ఏ సంవత్సరం దాటదు, వడ్డీతో కలిపి కట్టేది ఎంత దాటదు. బోర్డు ఆ రెండు హద్దుల్లోనే అమ్మాలి. దాటాల్సి వస్తే మళ్లీ ఓటర్ల దగ్గరికి రావాలి. పోవే ఈ హద్దులో ఉండి ఉంటే 2011లో బోర్డు జనం దగ్గరికి వెళ్లి ‘ధరలు పడిపోయాయి, రేటు కొంచెం పెంచండి లేదా పని ఆపుతాం’ అని చెప్పాల్సి వచ్చేది. కష్టమైన సంభాషణే. కానీ 98 కోట్లయ్యేది కాదు.

కొన్న వస్తువు కన్నా అప్పు ఎక్కువ కాలం బతకకూడదన్నది నా ఇంకో పట్టు. టెక్నాలజీకీ, పెద్ద స్టేడియాలకీ వేరువేరు ప్రపోజిషన్లు (బ్యాలెట్ అంశాలు) పెట్టాలని ఇప్పుడు చట్టం ఉంది కాబట్టి ఇది ఓటరు చేతిలోనే కొంత ఉంది. డాలస్ దగ్గరున్న అలెన్‌లో 2009లో ఆమోదించిన బాండుతో 6 కోట్ల డాలర్ల స్టేడియం కట్టి 2012లో తెరిస్తే, కాంక్రీటులో పగుళ్లొచ్చి 2014లో మూసేశారు, 2015లో గానీ మళ్లీ తెరవలేదు. గ్యాలరీలు ఖాళీగా ఉన్న ఆ సీజన్లో కూడా అప్పు వాయిదాలు ఆగలేదు.

ఈసారి మా బ్యాలెట్‌లో మూడు అంశాలున్నాయి. కొత్త బడులు, పాతవాటి మరమ్మతుల అంశానికి అవునన్నాను, గడువు నాకు నచ్చినంత స్పష్టంగా చెప్పకపోయినా. పోర్టబుల్స్ వరస ఇంకా తగ్గలేదు. లాప్‌టాప్‌ల అంశానికి ముందు వద్దందామనుకున్నాను. సమాచార పత్రం చూస్తే ఆ బాండ్లని ఐదేళ్లలోపే తీర్చేస్తామని ఉంది. వాడినంత కాలంలో తీరిపోయే అప్పు, దానికీ అవునన్నాను. స్టేడియం మరమ్మతులని ముప్పై ఏళ్ల బాండులో కలిపారు. దానికి వద్దన్నాను.

మొదటి రెండూ గెలిచాయి. మొదటి సిరీస్ అమ్మకం ఆగస్టు మీటింగ్‌లో పెడతారని ఫైనాన్స్ ఆఫీసులో చెప్పారు. ‘ఏ ఏడు ఎంత అనే పట్టిక ఆ మీటింగ్ ఎజెండాతో పాటే పెడతారా?’ అని అడిగాను. అడ్వైజర్ దగ్గర ఉంటుంది, అడిగితే జతచేస్తాం, ఇంతవరకూ ఎవరూ అడగలేదన్నారు. రాతపూర్వకంగా అడిగాను. ఈ డిస్ట్రిక్టులో ఉండి ఇది చదువుతున్నవాళ్లు ఇంకొందరు కూడా అడగండి. మాట్లాడాలంటే మీటింగ్ మొదలయ్యే ముందే పేరు రాయించుకోవాలి, హెచ్-1 వాళ్లు కూడా రాయించుకోవచ్చు. బాండు అంశం ఎజెండాలో ఎప్పుడూ చివరికే వస్తుంది, కాస్త ఆలస్యమైనా అప్పటిదాకా కూర్చోండి.